బంతి కోసం చాపిన చెయ్యి

మెసైమీర్, ఖతర్
మార్చి 1981

అవ్వకు,

నీ బిడ్డ గంగామణి కాళ్ళు మొక్కి రాసేది. ఇక్కడ నేనూ, మీ అల్లుడూ, తమ్ముడూ ముగ్గురం నీ దీవెనతో లేస్తున్నాం, తింటున్నాం, పనికి పోతున్నాం. నువ్వూ, మన బర్రే చల్లగా ఉండాలని ప్రతి సోమవారం ఎములాడ రాజన్నకు ఈ ఇసుకలో నిలబడే దండం పెడుతున్నాను.

నీ ఉత్తరం పోయిన శనివారం అందింది. కమలాదేవి టీచరమ్మ అక్షరాలు చూడగానే, బడి విడిచేదాకా నువ్వు వాళ్ళ అరుగు మీద కూర్చున్నట్టు కళ్ళకు కట్టింది. నువ్వు పంపిన చింతకాయ తొక్కు కూడా చేరింది. సీసా మూత ఊడి, తెచ్చినాయన పెట్టెలో రెండు అంగీలు ఎర్రబడ్డాయట. నేనే వాటిని ఉతికి ఇచ్చాను. ఆ మరక పోలేదు.

దుబాయ్‌లో ఎండలు ముదిరాయా అని అడిగావు. ఇది దుబాయ్ కాదవ్వా, ఖతర్. ఎన్నిసార్లు చెప్పినా నీ నోటికి దుబాయే వస్తుంది. సరే, దుబాయే అనుకో. ఎండలు ఇప్పుడే మొదలవుతున్నాయి. పొద్దున తొమ్మిదికే గోడలు కాగుతున్నాయి. నువ్వు అడిగిన ఆ రెండో విశేషం ఇంకా ఏమీ లేదు. ఉన్ననాడు నీకే ముందు రాస్తాను. మాటిమాటికీ అడగకు, టీచరమ్మ ముందు నాకు సిగ్గు.

ఇక మూడో ప్రశ్న. తమ్ముడు తన చేత్తో ఎందుకు రాయడం లేదని రెండు ఉత్తరాల నుంచీ అడుగుతున్నావు. రాజనర్సు బతికే ఉన్నాడు, భయపడకు. దానికి జవాబు ఈ ఉత్తరంలోనే చెబుతాను. కానీ ముందు ఆట సంగతి చెప్పాలి. అది తెలియకపోతే నేను చేసిన పని నీకు అర్థం కాదు. ఇక్కడే పనిచేసే మన ఊరి పోశన్న తన భార్య ముత్తవ్వకు తప్పకుండా రాస్తాడు. ఆమె బోరింగు దగ్గర నలుగురి ముందు నీకు చెప్పేలోపు నువ్వు నా నోటి నుంచే వినాలి.

మా కంపెనీ పెద్ద సాహెబు అమెరికా మనిషి. ఆయన ఇంట్లోనే నేను బట్టలు ఇస్త్రీ చేసేది. ఆయనకు వాళ్ళ దేశం ఆట అంటే ప్రాణం. బేస్‌బాల్ అంటారు. కర్రతో బిళ్ళను కొట్టే మన చిర్రగోనెకు దూరపు చుట్టం అనుకో. ఒకడు బంతి విసురుతాడు, ఇంకొకడు కర్రతో కొడతాడు. కొట్టినవాడు మూడు చోట్ల పరిచిన సంచులను తొక్కుకుంటూ చుట్టు తిరిగి మొదలుపెట్టిన చోటికి రావాలి. ఆ చోటును వాళ్ళు ఇల్లు అంటారు. మన పోశన్న ఒకనాడు రొప్పుతూ వచ్చి, "ఇయ్యాల రెండుసార్లు ఇంటికి పోయొచ్చిన చెల్లె, టికెట్ లేకుంట!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తరువాత ఒక్కొక్కరే లేచి గదుల్లోకి పోయారు.

సాహెబు చలికాలం మొదట్లో నాలుగు క్యాంపులకు నాలుగు జట్లు కట్టించాడు. ఫిలిప్పీన్ వాళ్ళది ఒకటి, కొరియా వాళ్ళది ఒకటి, పాకిస్తాన్ వాళ్ళది ఒకటి, మనది ఒకటి. ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక ఆట. అన్నిటికన్నా ఎక్కువ గెలిచిన క్యాంపులో ఎండాకాలం రాకముందే ప్రతి గదికీ ఏసీ పెట్టిస్తానన్నాడు. ఇక్కడి ఎండాకాలం నువ్వు చూడలేదు అవ్వా. మనవాళ్ళు గదికి ఎనిమిదిమంది పడుకుంటారు. దుప్పట్లు నీళ్ళలో ముంచి కప్పుకుంటారు, గంటలో ఎండిపోతాయి, మళ్ళీ లేచి ముంచుకుంటారు. తెల్లారి అలాగే డ్యూటీకి పోతారు. అందుకే ఆ ఏసీల మాట విన్ననాటి నుంచీ అది ఆట కాకుండా పోయింది. మా ఒక్క గదికే ఏసీ ఉంది, మీ అల్లుడు క్యాంప్ బాస్ కాబట్టి.

ఆయన్నే జట్టుకు మేనేజరుగా పెట్టారు. మేనేజరు ఆడడు. బల్ల మీద కూర్చుని ఎవరు ముందు కొట్టాలి, ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరిని తీసేయాలి అని చూస్తాడు. వినడానికి సుఖంగానే ఉంటుంది. గెలిస్తే తొమ్మిదిమందీ గెలిచారంటారు, ఓడితే ఆయన్ని పేరు పెట్టి, జలంధరన్న ఓడగొట్టిండంటారు. వారమంతా నీళ్ళ ట్యాంకరు రాలేదని, మెస్సులో పప్పు పలచనైందని ఆయన మీద పడేవాళ్ళే శుక్రవారం ఆయన మాట వినాలి. మొదటి ఆటలో పోశన్న కొట్టిన కర్రను కింద పడేయకుండా చంకలో పెట్టుకుని ఉరికాడు. "పడెయ్ రా!" అని ఆయన అరిస్తే, "ఎవడన్నా ఎత్కపోతే?" అన్నాడు. నెల రోజులు ఓడుతూనే ఉన్నాం. ఆయన గది మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ, ఒక బూటు కాలికే ఉండగా నిద్రపోయేవాడు.

నీకు నవ్వొచ్చే మాట ఒకటి చెబుతాను. గురువారం సాయంత్రం నేను వంటకు కూర్చుంటే, ఆయన నా బుట్టలోంచి తొమ్మిది ఉల్లిగడ్డలు తీసి నేల మీద పేర్చేవాడు. నడుమది బంతి విసిరేవాడు, అంటే మన రాజనర్సు. వాడి ఎదురుగా బంతి పట్టేవాడు హమీదుద్దీన్, హైదరాబాద్ పిల్లగాడు, మంచివాడు, నన్ను భాబీ అంటాడు. ఇట్లా ఒక్కొక్క ఉల్లిగడ్డకూ ఒక మనిషి. ఆయన గొణుక్కుంటూ వాటిని జరుపుతుంటే నేను చూస్తూ కూర్చునేదాన్ని. ఒకనాడు ఊరుకోలేక పోశన్న ఉల్లిగడ్డను కొంచెం వెనక్కి జరిపాను.

"ఎందుకే?" అన్నాడు.

"పోశన్నకు ముందుకురికి బంతి పట్టుడు రాదు. ఎనుకకైతే ఉరుకుతడు. ఎడ్లు బెదిరితే ఉరికి ఉరికి అలవాటున్నది."

ఆయన ఆ ఉల్లిగడ్డను అక్కడే ఉండనిచ్చాడు. మరునాడు పోశన్నను వెనకే నిలబెట్టాడు. ఆ శుక్రవారం మొదటిసారి గెలిచాం. తరువాత ప్రతి గురువారం ఆయన ఉల్లిగడ్డలు పేర్చి నా వైపు చూసేవాడు. నేను నోటితో చెప్పేదాన్ని కాదు. వేలితో జరిపేదాన్ని. అయ్యాక వాటినే కోసి కూరలో వేసేదాన్ని. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. మొగుడు పెండ్లాం మాట విని జట్టును నడుపుతున్నాడని తెలిస్తే క్యాంపులో ఆయనకు విలువ ఉంటుందా?

మా గెలుపులకు అసలు కారణం మాత్రం నీ కొడుకే. మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టలను కొట్టిన చెయ్యి కదా వాడిది. బంతి విసిరితే కొట్టేవాడికి కనిపించేది కాదు. హమీదుద్దీన్ తోలు తొడుగు వేసుకుని కూడా "అమ్మో, చెయ్యి మండుతుంది యారో" అని గంతులేసేవాడు. సంక్రాంతి దాటేసరికి మనమే పైన ఉన్నాం. పెద్ద సాహెబు కూడా మీ అల్లుడి భుజం తట్టాడు.

కానీ రాజనర్సుది పైపులు మోసే పని. వారానికి ఆరు రోజులు పైపులు, ఏడో రోజు బంతి. చెయ్యికి సెలవెక్కడిది? మిగతా జట్లలో బంతి విసిరేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వంతులవారీగా విసురుతారు. మనకు వీడొక్కడే. ఒకనాడు అన్నానికి వచ్చి అంగీ విప్పి మేకుకు తగిలించబోయి, చెయ్యి పైకి లేవక కుర్చీ మీద పడేశాడు. అద్దం ముందు ఎడమచేత్తో తల దువ్వుకున్నాడు. అన్నం ముద్ద నోటి దగ్గరికి తేవడానికి బదులు నోటినే పళ్ళెం దగ్గరికి వంచాడు. నేను చూస్తున్నానని తెలిసి, "ఏంది అక్కా, గట్ల జూస్తున్నవ్? కూర మంచిగుంది," అన్నాడు.

"చెయ్యి జూపియ్."

"చెయ్యికి ఏమైంది? ఉన్నది గదా, రెండున్నయ్."

నీకు ఉత్తరం రాయమని కాగితం ఇస్తే, రేపు రాస్తా, ఎల్లుండి రాస్తా అన్నాడు. కలం పట్టుకుంటే వేళ్ళు మొద్దుబారుతున్నాయని తరువాత తెలిసింది. అదే నీ ప్రశ్నకు జవాబు.

ఆ గురువారం నేను వేలితో జరపలేదు. నడుమ ఉన్న ఉల్లిగడ్డను తీసి నా ఒడిలో పెట్టుకున్నాను. ఆయనకు అర్థమైంది.

"నేను జూస్తలేనా? నాకు కండ్లు లేవా?" అన్నాడు. "ఒక్క ఆటకు ఆణ్ణి కూసోపెట్టిన. ఏమన్నరో ఇన్నవా?"

విన్నాను. పోశన్న అందరి ముందు అన్న మాట అది. "మేము గూడ బామ్మర్దులమే గదా బావా! సొంత బామ్మర్దికే నీడ, మాకు ఎండనా?" పోశన్న మన ఊరివాడు కాబట్టి వరసకు నాకు అన్న, ఆయనకు బామ్మర్ది. నవ్వుతూనే అన్నాడు. కానీ అది గది గదికీ తిరిగింది. మన దిక్కు సంగతి నీకు తెలుసు కదా. మొగవాడు దేనికైనా ఓర్చుకుంటాడు కానీ, పెండ్లాం దిక్కు మనిషి అంటే ఓర్చుకోడు. వేరే ఎవరి చెయ్యి నొచ్చినా ఆయన తీసి కూర్చోపెట్టేవాడే. సొంత బామ్మర్ది కాబట్టి మళ్ళీ తీయలేకపోయాడు. బావ వీసా తీసి తెచ్చాడు కాబట్టి వాడు నొప్పని చెప్పలేకపోయాడు. ఒకరి మీద ఒకరికి ప్రేమ ఉండి కూడా ఇద్దరూ కలిసి ఆ చేతిని నాశనం చేస్తున్నారు. చెయ్యి పోతే కంపెనీ ఊరుకోదు, విమానం ఎక్కిస్తుంది. అప్పుడు వాడు మన ఇంటి ముందు ఏ చెయ్యి పెట్టుకుని దిగుతాడు?

టీచరమ్మా, ఇక్కడి నుంచి కొంచెం మెల్లగా చదవండి.

పోయిన శుక్రవారం ఆఖరి ఆట, ఫిలిప్పీన్ వాళ్ళతో. అప్పటికి రెండు జట్ల గెలుపులూ సమానం, ఈ ఆట గెలిచినవాళ్ళకే ఏసీలు. క్యాంపంతా వచ్చింది. నేను ఎప్పటిలాగే అన్నం గిన్నెలు పెట్టుకుని పికప్ బండి ముందు సీట్లో, అద్దం సగం ఎత్తి కూర్చున్నాను. సగం ఆట అయ్యేసరికి మనం ముందున్నాం. నడుమ విరామంలో హమీదుద్దీన్ మంచినీళ్ళకు వచ్చి, నా వైపు చూడకుండా అన్నాడు. "బాల్ల జాన్ లేదు భాబీ, జోరు తగ్గింది. పోయిన జుమ్మా నా చెయ్యి మండింది. ఈ జుమ్మా మండుతలేదు. జలంధర్ భాయ్‌కి చెప్పిన, ఇంటలేడు."

మళ్ళీ మొదలైంది. రాజనర్సు ప్రతి బంతికీ ముందు ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకుని పైకి లేపుతున్నాడు. బరువైన వస్తువును వేరేవాళ్ళు ఎత్తి ఇచ్చినట్టు తన చేతిని తనే ఎత్తుకుంటున్నాడు. విసిరాక పెదవి కొరుకుతున్నాడు. బల్ల మీది నుంచి ఆయన లేచాడు. పోశన్న వైపు, మనవాళ్ళందరి వైపు చూశాడు. కూర్చున్నాడు. ఇంకో బంతి. మళ్ళీ లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు.

ఆ ఆటలో ఒక పద్ధతి ఉంది. బంతి విసిరేవాడు అలిసిపోతే మేనేజరు నడుచుకుంటూ నడుమకు పోతాడు. ఏమీ అనడు. చెయ్యి చాపుతాడు. చాపితే బంతి ఇచ్చి తీరాలి. ఎంత మొనగాడైనా మారు మాట్లాడకూడదు.

నేను బండి దిగాను అవ్వా. ఎట్లా దిగానో నాకు తెలియదు. సున్నంతో గీసిన గీత ఉంటుంది, ముగ్గు గీసినట్టు తెల్లగా. మన వాకిట్లో ముగ్గు తొక్కితే నువ్వు కొట్టేదానివి. ఆ గీత దగ్గర ఒక్క క్షణం ఆగి, దాటాను. రెండు వందల మంది మొగవాళ్ళు. గాలికి కొంగు తల మీద నిలవలేదు. సర్దుకోలేదు. నడుమకు పోయి నా తమ్ముడి ముందు చెయ్యి చాపాను.

"అక్కా, పో," అన్నాడు పళ్ళ నడుమ నుంచి. "అందరు జూస్తున్నరు."

"జూడనియ్."

"నా ఇజ్జత్ తియ్యకు అక్కా. ఇంక కొన్ని బంతులే."

నేను చెయ్యి దించలేదు. నల్ల టోపీ పెట్టుకున్న అంపైరు గబగబా వచ్చాడు. హూ ఈజ్ షీ, హూ ఈజ్ షీ అని అరిచాడు. అది నాకు అర్థమైంది. మనవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"మేనేజర్," అన్నాడు. "షీ మేనేజర్."

తమ్ముడు బంతి నా చేతిలో పెట్టాడు. చెమటతో తడిసి, వేడిగా ఉంది. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పికో కోపానికో తెలియదు.

తీసుకున్నాక గానీ నాకు తట్టలేదు, ఆ బంతిని ఇంకొకరికి ఇవ్వాలని. అందరూ నన్నే చూస్తున్నారు. వెనక దూరంగా పోశన్న నిలబడి ఉన్నాడు. సైగ చేసి పిలిచాను. వచ్చాడు. అతని చేతిలో బంతి పెట్టి అన్నాను, "నీడ గురించి అడిగినవ్ గదా అన్నా. ఇగో, ఎండ నీకే ఇస్తున్న."

హమీదుద్దీన్ పకపకా నవ్వాడు. మనవాళ్ళు కొందరు నవ్వారు. పోశన్న మొహం కందగడ్డలా అయింది. అంత మాట నా నోటి నుంచి ఎట్లా వచ్చిందో! బండి దాకా తిరిగి పోయి అద్దం పూర్తిగా ఎత్తుకున్నాను.

పోశన్న తన శక్తికొద్దీ విసిరాడు. అబద్ధం చెప్పకూడదు, బాగానే కష్టపడ్డాడు. కానీ అది అతని చేతనయ్యే పని కాదు. చివర్లో ఒకే ఒక్క పరుగుతో ఓడిపోయాం. ఏసీలు ఫిలిప్పీన్ వాళ్ళకు పోయాయి.

ఆ రోజు అన్నం గిన్నెలు మూత తీయకుండానే తిరిగి వచ్చాయి. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. రెండు రోజులు క్యాంపులో నేను పోతుంటే మాటలు ఆగిపోయేవి. ఆయన కూడా మాట్లాడలేదు. కోపమనుకున్నాను. మూడో నాడు అన్నం తింటూ తింటూ ఆగి, పళ్ళెంలోకే చూస్తూ అన్నాడు. "రెండుసార్లు లేచిన. జూసినవా?"

"జూసిన."

"అందరికి మేనేజర్‌నే. ఆడికి బావను. లేచినప్పుడల్లా ఆ బావనే నన్ను కూసోపెట్టిండు." పళ్ళెం ముందుకు జరిపి, "ఉప్పు ఎయ్యి," అన్నాడు.

మరునాడు హమీదుద్దీన్‌ను వెంటబెట్టుకుని పానా పట్టుకుని వచ్చాడు. మా గది ఏసీ విప్పి, ఇద్దరూ మోసుకుపోయి మెస్సు హాల్లో పెట్టారు. ఎండాకాలం వంతులవారీగా కొన్ని గదులవాళ్ళు అక్కడ చాపలు పరుచుకుని పడుకుంటారట. మొదటి వంతు పోశన్న గదికే ఇచ్చాడు. మా గోడలో ఇప్పుడు పెద్ద చదరపు కంత ఉంది. అట్టముక్క అడ్డం పెట్టాను, అయినా దుమ్ము వస్తూనే ఉంది. రోజుకు మూడుసార్లు ఊడుస్తున్నాను. ఒళ్ళు అలిసిపోతోంది అవ్వా. ఆయన మాత్రం చాన్నాళ్ళకు రెండు బూట్లూ విప్పి పడుకుంటున్నాడు.

ఇక తమ్ముడి చెయ్యి. డాక్టరు మెడకు గుడ్డ కట్టి వేలాడదీశాడు. లోపల నరం చినుగు పట్టిందట, ఇంకాస్త విసిరితే తెగిపోయేదట. ఉగాది దాటాక మళ్ళీ చూస్తానన్నాడు. పనికి పోతున్నామని మొదట్లో రాశాను కదా, అది సగమే నిజం. పైపుల పని మాన్పించి, ఆయన ఫోర్‌మన్‌ను బతిమాలి స్టోర్ దగ్గర కాపలా డ్యూటీ వేయించాడు. చెయ్యి బాగైతే మళ్ళీ పాత పని. కాకపోతే ఏమవుతుందో నాకు తెలియదు, నీకు ధైర్యం చెప్పడానికి తెలిసినట్టు రాయను. బాగవుతుందనే డాక్టరు అన్నాడు.

వాడు నాతో మాట్లాడడం లేదు. రోజూ అన్నానికి వస్తాడు, ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటాడు, గోడ వైపు చూస్తూ, "బావా, పప్పుల కారం ఎక్కువైందని చెప్పు," అంటాడు. ఆయన నా వైపు తిరిగి, "కారం ఎక్కువైందట," అంటాడు. నేను, "నీళ్ళు తాగమని చెప్పుండ్రి," అంటాను. ఇట్లా సాగుతోంది మా సంసారం.

ముత్తవ్వ బోరింగు దగ్గర ఏమన్నా అంటే నువ్వు తల దించుకోకు. నీ బిడ్డ మొగవాళ్ళ నడుమకు పోయిందని అంటే, పోయిందని చెప్పు. కొంగు జారిందని అంటే, జారిందని చెప్పు. నన్ను తిట్టాలనుకుంటే తిట్టు, టీచరమ్మతో రాయించి పంపు, చదువుకుంటాను. కానీ ఆయన్ని ఏమీ అనకు. నాకు సిగ్గు ఇంకా పోలేదు. సాహెబు ఇంటికి పోయేటప్పుడు క్యాంపు వెనక దారిలో పోతున్నాను. అయినా ఆ బంతి మళ్ళీ నా తమ్ముడి చేతిలో పెట్టమంటే పెట్టను.

ఈ కాగితం కింద కొంచెం జాగా వదిలి, వాడి పళ్ళెం పక్కన పెడతాను. ఖాళీగా వస్తే వాడి కోపం తీరలేదని తెలుసుకో. రాస్తే అక్షరాలు వంకరగా ఉంటాయి, ఎడమచెయ్యి కదా, చూసి భయపడకు. బర్రెకు వేళకు కుడితి పెట్టు, నువ్వూ వేళకు తిను.

ఇట్లు,
నీ మాట ఎన్నడూ దాటనిది, ఒక్కసారి గీత దాటిన నీ బిడ్డ,
గంగామణి

అవ్వా నేను మంచిగున్న. అక్క మీద కోపం పోలే. పప్పుల కారం నిజంగనే ఎక్కువైతుంది, నువ్వు రాయి, నీ మాట ఇంటది. చెయ్యి నొప్పి తక్కువైంది.
రాజనర్సు